బరువు తగ్గే సర్జరీ అయ్యాక కాన్పు: నేను తీసుకున్న మెటర్నిటీ ప్యాకేజీ ఎలా ఉందంటే

నాలుగేళ్ల కిందట నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే సర్జరీ) అయింది. అప్పటికి 112 కిలోలు, పైగా పీసీఓడీ, అంటే నెలసరి గతి తప్పే హార్మోన్ల సమస్య. బరువు తగ్గాక నెలసరి దానంతటదే దారిలో పడింది. బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో గర్భం వస్తే బిడ్డకు పోషణ చాలదని, కనీసం ఏడాది, వీలైతే ఏడాదిన్నర ఆగమని సర్జన్ చెప్పారు. మేం రెండేళ్లు ఆగాం. తర్వాత హైదరాబాద్‌లోనే మా ఇంటికి దగ్గరున్న ఒక ఆసుపత్రిలో ప్యాకేజీ తీసుకున్నాం. పాపకు ఇప్పుడు ఐదో నెల.

డాక్టర్ ఫీజు, స్కాన్లు, మామూలు రక్తపరీక్షలు, కాన్పు అన్నీ కలిపి ఒకటే ధర. మిగతా గర్భిణులకు బాగానే ఉంటుందేమో. నాలాంటివాళ్లకు మూడు నెలలకోసారైనా కావలసిన ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి, విటమిన్ ఎ పరీక్షలు మాత్రం అందులో లేవు. ప్రతిసారీ వేరే బిల్లు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు.

కౌంటర్‌లో నా ఫైల్ మీద ‘హార్ట్ బైపాస్’ అని రాశారు. అది మత్తు డాక్టర్ దాకా వెళ్లి, "గుండె ఆపరేషన్ ఎప్పుడైందమ్మా?" అని ఆయన అడిగితే మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు ఒళ్లు మండింది.

అసలు గొడవ షుగర్ పరీక్ష రోజు. మన దగ్గర గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టు. బైపాస్ అయినవాళ్లు తాగితే ఆ తీపంతా ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి చెమటలు, గుండెదడ, వాంతులు పట్టుకోవచ్చు. డంపింగ్ అంటారు. ఆ తర్వాత షుగర్ పడిపోనూ వచ్చు. నేను తాగనన్నాను. "అందరూ తాగేదేనమ్మా, ముక్కు మూసుకుని తాగెయ్" అంది సిస్టర్.

ప్యాకేజీలో ఉన్న డైటీషియన్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడే కిందికి దిగొచ్చి ఆ గ్లాసు పక్కన పెట్టించారు. బదులుగా వారం పాటు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్నాక చూసి రాసి తెమ్మన్నారు. డాక్టర్ కూడా సరేనన్నారు.

ఈ ప్యాకేజీలో ప్రతి రూపాయికీ న్యాయం చేసింది ఆవిడే. నేను వాడే మల్టీవిటమిన్ డబ్బా తిప్పి చూసి, అందులో విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఉందని, అది మోతాదు మించితే కడుపులో బిడ్డకు మంచిది కాదని, బీటా కెరోటిన్ ఉన్నది రాయించారు. కాల్షియం కార్బొనేట్ మాన్పించి సిట్రేట్ ఇప్పించారు, దానికి కడుపులో ఆమ్లం అంతగా అక్కర్లేదట. ఐరన్‌కీ దానికీ మధ్య కనీసం రెండు గంటలు. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నారు, అదీ గుడ్లు, చేపలు, పెసరట్టు, గట్టి పప్పు, పెరుగులోంచే, కొంచెం కొంచెంగా. అన్నంతో పాటు నీళ్లు వద్దు.

మా అత్తగారు ‘ఇద్దరి తిండి తినాలి’ బ్యాచ్. శ్రీమంతానికి ముందు డైటీషియన్ ఆవిణ్ణి కూడా తీసుకురమ్మని, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "సున్నుండ ఒక్కటి తిన్నా కోడలు కళ్లు తిరిగి పడొచ్చు అత్తయ్యగారూ" అని చెప్పారు. సున్నుండల డబ్బా పక్కింటికి పోయింది.

గైనకాలజిస్టు మంచావిడే, హడావిడి ఎక్కువ. బిడ్డ బరువు తక్కువ ఉండే అవకాశం ఉందని చివరి నెలల్లో గ్రోత్ స్కాన్లు అదనంగా చేయించారు. ఈ సర్జరీ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదన్నారు, ఆ మాట మీదే నిలబడ్డారు. నార్మల్ డెలివరీ, పాప 2.7 కిలోలు.

నా పెద్ద అభ్యంతరం వేరు. బైపాస్ తర్వాత గర్భంలో గట్టిగా కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు, లోపల పేగు ఇరుక్కుని ఉండొచ్చు. అలాంటప్పుడు చూడటానికి ఆ ఆసుపత్రిలో బేరియాట్రిక్ సర్జన్, అంటే బరువు తగ్గే సర్జరీలు చేసే డాక్టర్, లేరు. చేరేముందే ఈ సంగతి అడగండి. కాన్పయ్యాక నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దని డైటీషియన్ ఎర్ర ఇంకుతో రాయించినా వార్డులో డైక్లోఫెనాకే తెచ్చారు. మా అమ్మ వెనక్కి పంపింది.

అయిదుకు మూడు స్టార్లు ఇస్తాను. మళ్లీ అక్కడికి వెళ్లాల్సొస్తే ప్యాకేజీ జోలికి పోను. డైటీషియన్‌కు విడిగా ఫీజు కట్టుకుని, కాన్పుకు నా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్తాను.