హళేబీడు వెళ్తే బసదిని వదలకండి

కర్ణాటకలోని హాసన్‌లో కారు 3,200కి మాట్లాడుకున్నాం. బేలూరు, హళేబీడు గుడి, అక్కడి బసది (జైన గుడి) మూడూ చూపించాలని పేర్లతో సహా చెప్పే ఎక్కాం. లాడ్జి గది 1,800, పర్వాలేదు. బేలూరు గుడిలో మదనికల్ని, అంటే పైన చెక్కిన అందగత్తెల శిల్పాల్ని చూస్తూ అమ్మ మెడ నొప్పి పుట్టేదాకా తల దించలేదు.

చిక్కంతా హళేబీడులో. హొయసళేశ్వరాలయం గోడల మీద ఏనుగుల వరస, పైన సింహాలు, గుర్రపు రౌతులు, రామాయణ భారత కథలు చూసేసరికి రెండు గంటలు పట్టింది. బయటికి రాగానే డ్రైవర్, "బసదిలో ఏముంది మేడమ్, ఖాళీ రాళ్లు" అని కారు హాసన్ వైపు తిప్పబోయాడు. కిలోమీటరు దూరం కూడా లేదు! గట్టిగా అడిగితే ఇంకో 300 ఇమ్మన్నాడు. మా ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మే ముందు కారు దిగి, "నడుద్దాం పదండి" అంది.

అక్కడ వరసగా మూడు బసదులు: పార్శ్వనాథ, ఆదినాథ, శాంతినాథ. బయటి గోడలు సాదాగా ఉంటే డ్రైవర్ మాటే నిజమేమో అనిపించింది. పార్శ్వనాథ బసదిలో అడుగుపెట్టాక నోట మాట రాలేదు. హొయసళ రాజు విష్ణువర్ధనుడి సేనాని గంగరాజు జ్ఞాపకంగా ఆయన కొడుకు బొప్ప 1133లో కట్టించాడు. లేత్ మీద తిప్పినట్టున్న నల్లని స్తంభాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. అది బలపపు రాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుందట. కాపలా పెద్దాయన అమ్మని ఒక స్తంభం ముందు నిలబెట్టి చేతులు చాపమన్నాడు. స్తంభంలో కనిపించిన ప్రతిబింబానికి నాలుగు చేతులు! అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. మాది హనుమకొండ, రామప్ప గుడి నల్లరాతి నునుపు చూస్తూ పెరిగాం. దానికి 80 ఏళ్ల ముందే ఇక్కడ ఇంత పనితనమా అని మా ఆయన కూడా కోపం మర్చిపోయి స్తంభాల్ని తడుముతూ తిరిగారు. లోపల పడగ నీడన నిలబడ్డ పార్శ్వనాథుడి ముందు మేం ముగ్గురమే. పెద్ద గుడి దగ్గరి జనంలో పదోవంతు కూడా ఇటు రారు.

కారు మాట్లాడేటప్పుడే బసది పేరు కాగితం మీద రాయించుకోండి, దానికి కనీసం గంట ఉంచుకోండి. మధ్యలో అడిగే డబ్బు ఇవ్వొద్దు. మేం 3,200 మాత్రమే ఇచ్చాం. దారి పొడుగునా అతను మాట్లాడలేదు. అమ్మ మాత్రం హాసన్ చేరేదాకా ఆ నాలుగు చేతుల ఫోటో చూస్తూనే ఉంది.