రెండడుగుల రాతిగోడతో పన్నెండేళ్లు

మా వంటగది కిటికీ గట్టు మీద పదేళ్ల పిల్లవాడు మఠం వేసుకుని కూర్చోవచ్చు. గోడ మందం రెండడుగుల పైమాటే కాబట్టి, కిటికీ ఎంత చిన్నదైనా దాని ముందు అంత చోటు మిగిలింది. మా అబ్బాయి ఎక్కాలు నేర్చుకున్నది అక్కడే. ఆవకాయ జాడీ ఉండేదీ అక్కడే. అట్లాంటిక్ మీదినుంచి వచ్చే గాలి రాత్రంతా హోరెత్తుతున్నా, ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటే చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లో పుట్టినట్టు వినిపిస్తుంది.

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, సెయింట్ జస్ట్‌కు దగ్గర్లోని చిన్న పల్లెలో 2013 అక్టోబరులో ఈ ఇల్లు కొన్నాం. మా ఆయనకూ నాకూ పెంజాన్స్‌లో ఉద్యోగాలు. గ్రానైట్ గోడలు, పలకరాతి కప్పు, వెనకాల సముద్రం: ఇలాంటి ఇళ్ల ఫొటోలు అందరూ చూసే ఉంటారు కాబట్టి ఆ వర్ణనలు వదిలేస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఏడిపించినదీ, చివరికి నేను ప్రాణంగా ప్రేమించినదీ ఈ ఇంటి గోడ. దాని గురించే రాస్తాను.

రాతి ఇల్లు నాకు కొత్త కాదు. నేను పుట్టింది బేతంచెర్ల దగ్గర, నాపరాళ్ల ఇంట్లో. గోడలూ రాయే, నేలా రాయే. మేము ఇక్కడ ఇల్లు కొన్నామని ఫోనులో చెబితే మా అమ్మ, "రాళ్లిల్లు వదిలి అంత దూరం వెళ్లింది మళ్లీ రాళ్లింట్లో ఉండడానికేనా తల్లీ?" అంది. నిజానికి అందుకే కొన్నాను. మొదటిసారి చూడడానికి వచ్చినప్పుడు గోడ మీద చెయ్యి వేస్తే ఆ చల్లదనం చిన్ననాటి మా ఇంటిదే అనిపించింది. మిగతా గదులు సరిగా చూడనేలేదు.

కాపురం పెట్టిన మొదటి నెలలో స్నేహితులందరికీ ఈ గోడను తెగ పొగుడుతూ రాశాను. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందని కూడా రాశాను. అందులో సగం మాత్రమే నిజమని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆ చలికాలం మామూలుది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1766 నుంచి ఉన్న లెక్కల్లో అంత వాన కురిసిన చలికాలం మరొకటి లేదని తర్వాత తేల్చారు. ఫిబ్రవరి మొదటి వారంలో మా పక్కనున్న డెవన్‌లోని డాలిష్ దగ్గర సముద్రం కట్టను తెంచి, మా వైపు వచ్చే రైలు పట్టాలను గాలిలో వేలాడదీసింది. రెండు నెలల పాటు కార్న్‌వాల్‌కు మిగతా దేశంతో రైలు సంబంధమే లేదు. మా ఇంటి మీద వాన పై నుంచి పడలేదు, పడమటి నుంచి అడ్డంగా వచ్చి కొట్టింది, రోజుల తరబడి.

పడకగదిలో పడమటి గోడకు ఆనించి బీరువా పెట్టుకున్నాం. ఒక శనివారం నా పెళ్లి పట్టుచీర తీద్దామని తలుపు తెరిస్తే తడి మట్టి వాసన గుప్పుమంది. చీర మడతల అంచుల వెంట బూడిదరంగు బూజు. బీరువా ముందుకు లాగి చూస్తే గోడ మీద మనిషి ఎత్తున నల్లటి మరక. వేలితో నొక్కితే పూత పిండిలా రాలింది. వెనక చెక్కను పట్టుకుంటే మెత్తగా చేతిలోకి వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చాను. చీర కోసం కొంత, ఇల్లు కొని తప్పు చేశామా అన్న భయంతో ఎక్కువ.

చెమ్మకు వైద్యం చేసే ఒక సంస్థను పిలిచాం. వచ్చినతను రెండు సూదులున్న చిన్న యంత్రాన్ని గోడకు గుచ్చి, అంకె చూసి, నేలలోంచి తడి పైకి ఎక్కుతోందని చెప్పాడు. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించారు. లోపలి వైపు మీటరు ఎత్తు వరకు పాత పూత గీకేసి సిమెంటు పూశారు. ఇరవై ఏళ్ల హామీ పత్రం కూడా ఇచ్చారు. వేసవంతా గోడ శుభ్రంగా ఉంది. నేను మళ్లీ పొగడడం మొదలుపెట్టాను. జనవరి వచ్చేసరికి సిమెంటు పూసిన మీటరుకు సరిగ్గా పైన, గీత గీసినట్టుగా, మరక మళ్లీ లేచింది. ఆ సంస్థకు ఫోను చేస్తే, హామీ నేలలోంచి వచ్చే తడికేనని, ఇది గదిలో గాలి ఆడక పట్టిన చెమ్మ అని చెప్పి ఊరుకున్నారు. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు.

అప్పుడు పక్క పల్లెలో ఉండే ఒక తాపీ మేస్త్రి సంగతి ఇరుగుపొరుగు చెప్పారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన ఇంట్లోకి రాలేదు. బయట పడమటి గోడ ముందు పావుగంట నిలబడి చూసి, జేబులోంచి చిన్న ఉలి తీసి, రెండు రాళ్ల మధ్య సందులో పెట్టి సుత్తితో మెల్లగా తట్టాడు. అరచేయి అంత సిమెంటు పెచ్చు ఊడి కింద పడింది. వెనకాల మట్టి, ముద్ద చేస్తే నిలిచేంత తడిగా ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, "మీ వాన ఇక్కడుంది" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది నేను ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఈ గోడ ఒక్క రాయి మందం కాదు. లోపల ఒక వరస, బయట ఒక వరస, రెంటి మధ్య మట్టీ రాళ్లముక్కలూ కూరిన ఖాళీ. గ్రానైట్ నీటిని దాదాపు పీల్చదు. గోడలోకి చేరిన నీళ్లు తిరిగి పోవాలంటే ఉన్న దారి రాళ్ల సందులే. కట్టినప్పుడు ఆ సందుల్లో సున్నం పెట్టారు. సున్నం తడిని పీల్చుకుంటుంది, గాలి తగలగానే వదిలేస్తుంది. తర్వాతెప్పుడో ఎవరో ముచ్చటపడి సందులన్నీ సిమెంటుతో మూశారు. ఎండకూ చలికీ గోడ వెంట్రుకవాసి కదులుతుంది. మొండి సిమెంటు కదలలేక పగులుతుంది. ఆ పగుళ్లలోంచి గాలి వానను లోపలికి తోస్తుంది, బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు. పైగా మేము లోపలి వైపు కూడా సిమెంటు పూయించి రెండో దారీ మూసేశాం. యంత్రం చూపిన అంకె సంగతి అడిగితే, ఉప్పు పట్టిన గోడలో ఆ సూదులు ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తాయన్నాడు. సముద్రానికి అరమైలు దూరంలో ఉప్పు పట్టని గోడ ఎక్కడుంటుంది?

ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపు ఉంటే సున్నం పని పెట్టుకోకూడదని, మే నెల దాకా ఆగమన్నాడు. 2015 మే నుంచి ఆగస్టు వరకు పని సాగింది. సిమెంటును ఉలితో చేతులతోనే తీశారు. గోడ పక్కన మట్టి పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తయింది కాబట్టి దాన్నీ తవ్వి తగ్గించారు. సందుల్లో ఇసుక కలిపిన సున్నం నింపారు, సముద్రపు గాలి తగిలే చోట కాబట్టి తడిలోనూ గట్టిపడే రకం. అది త్వరగా ఆరిపోతే పొడిగా రాలిపోతుందని గోనెపట్టాలు తడిపి గోడ నిండా వేలాడదీశారు. పొద్దునా సాయంత్రమూ వాటిని తడపడం నా పని. తడి గోనె వాసన, పచ్చి సున్నం ఘాటు కలిసి ముక్కుకు తగలగానే నాకు సంక్రాంతి ముందు మా పెరడు గుర్తొచ్చింది. కుండలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

చివర్లో వెల్ల వేశాం, పలచగా అయిదు పూతలు. బ్రష్షుతో రాస్తుంటే వట్టి నీళ్లు పూసినట్టే ఉంటుంది, రంగే కనిపించదు. మర్నాడు లేచి చూస్తే తెల్లగా తేలి ఉంటుంది. ఆ తెలుపు డబ్బా రంగుల్లో రాదు.

గోడ మాత్రం వెంటనే ఆరలేదు. అంగుళం మందానికి ఒక నెల అని మేస్త్రులు చెప్పే లెక్క. మా గోడకు రెండేళ్లు. ఆ రెండేళ్లూ బీరువా గది మధ్యలోనే ఉంది. 2017 వేసవిలో మరక పూర్తిగా పోయింది. ఇప్పుడు బీరువాకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ వదిలాం.

ఈ గోడలు కట్టుకున్న వాళ్ల గురించి ఒక మాట. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు చాలావరకు తగరం, రాగి గనుల్లో పనిచేసిన కుటుంబాలవి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ధరలు పడిపోయి గనులు మూతపడుతుంటే వేలమంది ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు, అమెరికాకు వెళ్లిపోయారు. కొందరు కోలారు బంగారు గనులకూ వచ్చారు. మన చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు దిగిందీ ఆ గనుల్లోకే. పొట్టకూటి కోసం ఇక్కడివాళ్లు అక్కడికి వెళితే, నేను ఇక్కడికి వచ్చాను. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఈ ఇంట్లో నేను పరాయిదాన్ని అనుకోవడం మానేశాను. అయితే ఇప్పుడు మా వీధిలో సగం కిటికీలు శీతాకాలంలో చీకటిగా ఉంటాయి, అవి సెలవులకు వచ్చేవాళ్ల ఇళ్లు. ఊళ్లో పుట్టిన కుర్రవాళ్లు ఇక్కడ ఇల్లు కొనలేకపోతున్నారు. అది నన్ను బాధిస్తుంది.

ఇక వెచ్చదనం మాట. రాయి వేడిని నిలుపుకుంటుంది, కానీ ముందు దాన్ని వేడెక్కించాలి. రోజూ ఇంట్లో ఉండి పొయ్యి వెలిగిస్తుంటే గోడ మనతో సహకరిస్తుంది. డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్లి వస్తే మాత్రం, మూడు రోజుల దాకా ఇంట్లోనూ కోటు విప్పలేం. మా పల్లెకు గ్యాసు గొట్టాలు లేవు, నూనెతో నడిచే హీటరే గతి, ఖర్చు బాగా ఎక్కువ. దోసెల పిండి పొయ్యి పక్కన పెడితేనే పులుస్తుంది. గ్రానైట్ నేలల్లోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఇంకో చిక్కు. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి డబ్బీలు మూడు నెలలు ఉంచి కొలిపించాం. ఇక్కడ చర్య తీసుకోవాల్సిన హద్దు ఘనపు మీటరుకు 200 బెకరెల్‌లు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). మాది దాటింది. నేల కింద గుంత తీసి, అక్కడి గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించాం. దాని సన్నటి చప్పుడుకు అలవాటు పడ్డాం.

వేసవి గురించి నేను మొదట్లో రాసిన మాట మాత్రం ఒక్క అక్షరం మార్చను. 2022 జూలైలో బ్రిటన్‌లో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. మా మూల అంత మండలేదు కానీ, మిత్రులంతా ఫ్యాన్ల కోసం దుకాణాలు వెతుకుతున్న ఆ వారం మేము మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకున్నాం.

నాకు ఈ ఇల్లు కుదిరింది. ఇద్దరమూ దగ్గర్లోనే పనిచేస్తాం, ఇంట్లో ఎవరికీ ఉబ్బసం లేదు, రెండేళ్లు ఆగే ఓపిక అప్పుడు ఉంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మా మోకాళ్లు ఎన్నాళ్లు ఒప్పుకుంటాయో చెప్పలేను. ఏడాదిలో సగం తాళం వేసి ఉంచేవాళ్లకు ఈ ఇల్లు వద్దనే చెబుతాను. కొనాలనుకునేవాళ్లు వీలైతే ఒక చలికాలం అద్దెకు ఉండి చూడండి. అది కుదరకపోతే ఎండ కాసే జూన్‌లో కాకుండా, నాలుగు రోజులు పడమటి వాన కురిశాక ఫిబ్రవరిలో వెళ్లండి. బయట సందుల్లో ఉన్నది సున్నమో సిమెంటో గోటితో గీకి చూడండి, సున్నమైతే కాస్త గీత పడుతుంది. తర్వాత లోపలికి వెళ్లి, ఇంటివాళ్ల అనుమతి అడిగి, పడమటి గోడకున్న బీరువా వెనక చెయ్యి పెట్టండి.