కాలువ, ఎత్తిపోతల, చెరువు: ఓరుగల్లు పొలాలకు ఏది మేలు?

మా పొలం కాకతీయ కాలువ చివరి ఆయకట్టులో ఉంది. యాసంగిలో వరి పొట్టకొచ్చే వేళకు నీళ్లు అందుతాయా లేదా అన్న టెన్షన్ మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే. అందుకే నీళ్ల ప్లానింగ్ గురించి ఎవరు మాట్లాడినా, ఆఖరి మడి తడుస్తుందా అనే చూస్తాను.

ఖర్చు ఒక్కటే లెక్క అయితే కాలువను మించింది లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ నుంచి నీళ్లు పల్లానికి పారుతూ వస్తాయి, కరెంటుతో పని లేదు. కానీ 112 టీఎంసీలకు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) కట్టిన ఆ జలాశయం పూడిక చేరి 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. కాలువ పొడవు 284 కిలోమీటర్లు. కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ చేరేసరికే 146 కిలోమీటర్లు అయిపోతాయి, మా వంతు ఆ తర్వాతే. నీళ్లు తక్కువైన ఏడాది పైనున్న తూముల దగ్గరే సర్దుబాటు అయిపోతుంది. మాకు వారబందీ కాగితం, అంటే వంతుల వారీగా నీళ్లిస్తామనే పట్టిక, మాత్రం అందుతుంది.

ఎత్తిపోతలది వేరే కథ. ఏటూరునాగారం దగ్గరికి వచ్చేసరికి గోదావరిలో ప్రాణహిత, ఇంద్రావతి కలిసి ఉంటాయి. వానాకాలంలో నీటికి కొదవ లేదు. కష్టమంతా పైకి ఎక్కించడంలోనే. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల టన్నుల బరువు. దాన్ని 100 మీటర్లు ఎత్తాలంటే, మోటార్లలో రవ్వంత నష్టం లేకపోయినా, సుమారు 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. అక్కడ నీళ్లు తోడే దేవాదుల ఎత్తిపోతల నుంచి వరంగల్ పక్కనున్న ధర్మసాగర్ జలాశయానికి రావాలంటే ఇంకా చాలా ఎత్తు ఎక్కాలి. ఆ బిల్లు ప్రతి ఏడాదీ కట్టాల్సిందే. అంతా ఒక్కచోట పెట్టుకుంటే ఏమవుతుందో కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని మేడిగడ్డ చూపించింది: 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక ఆ బ్యారేజీలో నీళ్లు నిలపడమే ఆగిపోయింది. అయినా ఎత్తిపోతలు వద్దని నేను అనను. ధర్మసాగర్ నీళ్లు తాగే వరంగల్‌లో ఆ మాట ఎవరూ అనలేరు.

ఇక చెరువు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల నాటివి, ఇప్పటికీ పొలాలు పారిస్తున్నాయి. వీటి బలం ఒక్కో చెరువు సైజులో లేదు, గొలుసుకట్టులో ఉంది. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. నిండిన చెరువు కింద బావులు, బోర్లు కూడా ఊరుతాయి. కాలువ రాని ఏడాది మా ఊళ్లో పంట చేతికొచ్చిందంటే అది ఆ బావుల పుణ్యమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో సుమారు 46 వేల చెరువులను బాగుచేయాలనుకున్నారు. మా చెరువులో తీసిన ఒండ్రు మట్టి మా చెలకలోనే పోసుకున్నాం, రెండేళ్లు ఎరువు తగ్గించాం.

చెరువుకున్న లోటు కూడా చిన్నది కాదు. వాన పడకపోతే అది బీడే. చెరువులోకి వాన నీళ్లు తెచ్చే కట్టు కాలువ పూడితే వాన పడ్డా నిండదు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి కబ్జా అయితే నీళ్లకు చోటే ఉండదు. పైన ఒక కట్టకు బుంగ పడితే కింది చెరువులకూ ముప్పే.

నన్ను అడిగితే మొదటి రూపాయి చెరువుకే పెట్టాలి. కాలువలో నీళ్లు ఉన్నప్పుడు నేరుగా మళ్లకు కాక ముందు చెరువులు నింపాలి. మోటార్లను గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో, చెరువుల్లో తక్కువపడ్డ మేరకు నడిపితే చాలు. 2020లో భారీ, మధ్య, చిన్న నీటిపారుదల విభాగాలను ఒక్కటి చేశారు కాబట్టి ఈ మూడింటినీ కలిపి లెక్క వేసే వీలు ఇప్పుడుంది. అయితే కట్ట మీద మనిషి కావాలి. వెనకట తూము ఎత్తి దించడానికి ఊరూరా నీరటి ఉండేవాడు. మా చెరువుకు ఇప్పుడు ఎవరూ లేరు. రోహిణి కార్తె దాటకముందే మా కట్టు కాలువలో తుమ్మచెట్లు కొట్టించి, తూముకు ఒక నీరటిని పెట్టమని ఈసారి గ్రామసభలో రాసి ఇవ్వబోతున్నాను.