పోడు భూమి కేసులో ఉచిత లాయరు సేవ ఎలా ఉంది? మా అనుభవం

వాగు అవతల మా తాత అడవి కొట్టి సాగు చేసిన పోడు రెండెకరాలు ఉంది. అది తమ ముత్తాత కొట్టిందని పక్క గూడెం కుటుంబం కోర్టులో దావా వేసింది. వాళ్లూ మేమూ కోయవాళ్లమే, దూరపు చుట్టరికం కూడా ఉంది. ఇద్దరి దగ్గరా కాగితం లేదు, ఉన్నదల్లా పెద్దల నోటి మాట. అడవి భూమి సాగు చేసుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే అటవీ హక్కుల పట్టా కోసం రెండు ఇళ్లవాళ్లూ పెట్టుకున్న క్లెయిములు ఈ గొడవతో ఆగిపోయాయి.

మొదట పెట్టుకున్న ప్రైవేటు లాయరు వాయిదా వాయిదాకీ ఫీజు తీసుకున్నాడు గానీ భూమి ఎక్కడుందని ఒక్కసారీ అడగలేదు. విసుగొచ్చి, ఉచితంగా లాయర్ని ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చాం. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకి, ఎస్సీలకి, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఇస్తారు. ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

అలా వచ్చిన లాయరు మేడమ్ గారు మొదటి రోజే "మీ తాతగారిని ఎక్కడ పాతిపెట్టారమ్మా?" అని అడిగితే మా అమ్మ ఏడ్చేసింది. అటవీ హక్కుల చట్టం రూల్స్‌లో కాగితాలే కాదు, పాత గట్లు, బావులు, సమాధులు, క్లెయిమ్ పెట్టుకోని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమేనట. కాకపోతే ఒక్కటే చాలదు, 13 డిసెంబర్ 2005కి ముందు నుంచే భూమి మన చేతిలో ఉన్నట్టు తేలాలి. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వచ్చారు. ఇప్పచెట్టు కింద తాతకి పాతిన రాయి, సగం మట్టిలో కూరుకుపోయి నాచు పట్టిన గట్టు రాళ్లు, అన్నిటికీ ఫొటోలు తీయించారు. తర్వాత పోడులో పై ముక్కలోకి వెళ్లి, అక్కడ పక్క గూడెం వాళ్ల పాత ఇంటి అరుగు, పగిలిన తిరగలి చూసి, "ఇది మీది కాదు, వాళ్లదే" అని మా ముఖం మీదే చెప్పేశారు. మా బాబాయికి కోపమొచ్చింది. నాకు మాత్రం ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

రెండు ఊళ్ల మధ్య హద్దు తగాదా వస్తే ఇద్దరి అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని తేల్చాలన్న రూలుంది, ఆ సమావేశం పెట్టించింది ఆవిడే. పెద్దలు నడిచి చూసి ఇప్పచెట్టునే హద్దుగా ఒప్పుకున్నారు, కేసులు రాజీ చేసే లోక్ అదాలత్‌లో రాజీ అయింది. దాని మీద అప్పీలు ఉండదు, వాళ్లు కట్టిన కోర్టు ఫీజు కూడా వాళ్లకి వాపసు వచ్చింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఈ లాయర్ల మీద కేసుల భారం చాలా ఎక్కువ, రాత్రయితే గానీ ఫోన్ ఎత్తరు, రెండు వాయిదాలకి ఫైలు చదవని జూనియర్ వచ్చాడు, ఆ రోజుల్లో మా టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంకోటి, లోక్ అదాలత్ కాగితం పట్టా కాదు. గ్రామసభ, డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ దాటాలి, గ్రామసభ గానీ డివిజన్ కమిటీ గానీ కాదంటే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. పట్టా మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరునా ఇస్తారు కాబట్టి ఫారంలో నాన్న పక్కన అమ్మ పేరు కూడా రాయించాం.

నా రేటింగ్ 4/5. ఇలాంటి కేసుంటే లాయరు కన్నా ముందు ఊళ్లో ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి వాంగ్మూలం రాయించుకోండి. మా గట్టు కథ మొత్తం చెప్పిన పెద్దాయన లోక్ అదాలత్‌కి నెల ముందే పోయారు, ఆయన వేలిముద్ర వేసిన ఆ రెండు పేజీలే మా ఫైల్లో ఉన్నాయి.