వాదీ రమ్‌లో ఒక రాత్రి: క్యాంపు ఎక్కడుందో ముందు అడగండి

జోర్డాన్ వెళ్లేవాళ్లలో చాలామంది రాతిలో చెక్కిన పాత నగరం పెట్రాకు రెండు రోజులు పెట్టుకుంటారు, వాదీ రమ్ ఎడారికి ఒక్క మధ్యాహ్నం. జీపులో నాలుగు చోట్లు తిరిగి, ఫొటోలు దిగి, చీకటి పడేలోపు అఖాబా పట్టణంలోని హోటల్‌కి వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ఆ ఎడారిలో అసలు చూడాల్సింది పొద్దు వాలాకే మొదలవుతుంది. అక్కడ రాత్రి ఉండాలి. అయితే ఎవరి దగ్గర, ఏ చోట ఉంటున్నామన్న దాన్ని బట్టి ఆ రాత్రి పూర్తిగా మారిపోతుంది.

నెట్‌లో ‘వాదీ రమ్ క్యాంపు’ అని వెతికితే లెక్కలేనన్ని వస్తాయి. అన్నిటి ఫొటోల్లోనూ అవే ఎర్ర కొండలు, అదే ఇసుక. కానీ వాటిలో కొన్ని రక్షిత ప్రాంతం లోపల ఉంటాయి, కొన్ని బయట దీసీ ఊరి వైపు ఉంటాయి. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది దాదాపు 74,000 హెక్టార్ల లోపలి భాగం. లోపలి క్యాంపులు ఎక్కువగా రమ్ గ్రామంలో ఉండే జలాబియా తెగ కుటుంబాలవి. దీసీ వైపు జువైదా తెగవాళ్లు ఎక్కువ.  ఇద్దరి ఆదరణలోనూ మాకు తేడా కనిపించలేదు. తేడా అంతా చోటులోనే.

మేం రెండు రకాలూ చూశాం. మొదటి రాత్రి దీసీ వైపు, గుండ్రటి పారదర్శక గోపురాల్లాంటి గదులున్న పెద్ద క్యాంపులో దిగాం. ఏసీ, గదికే బాత్రూమ్, మెత్తటి పరుపు, అన్నీ ఉన్నాయి. కానీ టూరిస్టు బస్సులు వరసగా వచ్చి ఆగాయి, భోజనానికి పొడుగాటి క్యూ, స్పీకర్లలో పాటలు అర్ధరాత్రి దాకా. దారి పొడుగునా లైట్లు ఉండటంతో పైకప్పు అద్దంలా ఉన్నా పెద్ద చుక్కలే నాలుగు కనిపించాయి. చెడ్డ హోటల్ అనను. పసిపిల్లలున్నవాళ్లకి, రాత్రిపూట రెండుమూడుసార్లు లేవాల్సిన పెద్దవాళ్లకి అలాంటి చోటే నయం. కారు గుమ్మం దాకా వస్తుంది కూడా. కాకపోతే అక్కడ పడుకుని ‘ఎడారిలో గడిపాం’ అనుకోవడం నాకు కష్టంగా అనిపించింది.

మర్నాడు లోపలికి వెళ్లాం. రమ్ గ్రామానికి చెందిన ఒక కుటుంబం నడిపే చిన్న క్యాంపు, కొండ నీడలో పది గుడారాలు కూడా లేవు. కరెంటు సోలార్‌దే, రాత్రి పది దాటితే ఆపేస్తారు. బాత్రూములు ఉమ్మడివి, శుభ్రంగా ఉన్నాయి. అందరం కూర్చునే పెద్ద గుడారం మేక వెంట్రుకలతో నేసినది. వాన తగిలితే ఆ నేత ఉబ్బి బిగుసుకుంటుంది, నీళ్లు లోపలికి దిగవు. ఇలాంటి చోట దొరికే అనుభవం కోసమే అంత దూరం వెళ్లాలి అని నా గట్టి అభిప్రాయం.

బుక్ చేసేముందు వాట్సాప్‌లో మాట్లాడండి, వాళ్లు ఓపిగ్గా జవాబిస్తారు. క్యాంపు రక్షిత ప్రాంతం లోపలా బయటా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత డబ్బు సంగతి. చాలా క్యాంపులు మంచం ధర బాగా తక్కువ చూపిస్తాయి, వాళ్ల సంపాదన జీపు టూరులో ఉంటుంది. అందులో మోసం ఏమీ లేదు, వాళ్ల బతుకుతెరువు అదే. కాబట్టి పడక, రాత్రి భోజనం, టిఫిన్, జీపు అన్నీ కలిపి ఎంతో అడగండి. జీపు రేటు మనిషికా, బండికా అన్నది కూడా తేల్చుకోండి. నలుగురు కుటుంబానికి ఈ ఒక్క ప్రశ్నతో లెక్క మారిపోతుంది. డ్రైవర్ ఆ కుటుంబం మనిషేనా అని కూడా అడిగితే మంచిది. తాత తండ్రుల నుంచి ఆ కొండల్లో తిరిగినవాడికి, రోజుకూలికి వచ్చినవాడికి చాలా తేడా ఉంటుంది.

జీపు అంటే వెనక బెంచీలు బిగించిన పికప్. ఎక్కడానికి అడుగు ఎత్తుగా ఉంటుంది. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ముందే చెప్పడంతో డ్రైవర్ పక్కన ముందు సీటు ఇచ్చారు. “కుదుపులు లేకుండా మహారాణిలా కూర్చున్నాను రా” అని సాయంత్రం మా ఆయనతో మురిసిపోతూ చెప్పారు. రోజంతా టూరు తీసుకోండి, రెండు గంటలది వద్దు. గ్రామం దగ్గరి లారెన్స్ ఊటతో మొదలుపెట్టాం. ఇక్కడ ఇసుకరాయి కింద గ్రానైట్ ఉంటుంది. పైనుంచి ఇంకిన వాననీరు గ్రానైట్ దాటి దిగలేక, రెండూ కలిసే చోట ఊటగా బయటికి వస్తుంది. ఆ ఎత్తులో వరసగా పచ్చటి మొక్కలు కనిపిస్తే అక్కడ నీరుందని డ్రైవర్ చూపించాక, ప్రతి కొండ మీదా మా కళ్లు ఆ పచ్చదనం కోసమే వెతికాయి.

ఖజాలీ కనుమ ఇరుకైన చీలిక, లోపల గోడల మీద మనుషుల బొమ్మలు, పాదాల గుర్తులు, థముదిక్ అనే పాతకాలపు అరేబియా లిపిలో రాతలు. ఈ ప్రాంతం మొత్తంలో దాదాపు 25,000 రాతి చెక్కడాలు, 20,000 శాసనాలు ఉన్నాయి, మనుషుల ఆనవాళ్లు 12,000 ఏళ్ల నాటివి. ఖజాలీకి మధ్యాహ్నం వెళ్తే గుంపులో ఇరుక్కుంటారు, పొద్దున్నే వెళ్లమని చెప్పండి. ఉమ్ ఫ్రూత్ రాతి వంతెన మీదికి చేతులు ఆనించి ఎక్కాలి, పట్టు ఉన్న బూట్లు లేకపోతే కిందనుంచే చూడండి. ఎర్ర ఇసుక దిబ్బ సరదాగా ఉంది, అంతే.

రాత్రి భోజనం జర్బ్. నేలలో పాతిన పొయ్యిలో నిప్పులు వేసి, అరలున్న ఇనప స్టాండులో కోడి, గొర్రె మాంసం, బంగాళదుంప, ఉల్లి, క్యారెట్ పేర్చి దించుతారు. మూత పెట్టి పైన ఇసుక కప్పుతారు. రెండుమూడు గంటలకి తవ్వి తీస్తుంటే అందరూ చుట్టూ చేరతారు. శాకాహారులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: కూరగాయలు కూడా అదే స్టాండులో ఉడుకుతాయి. విడిగా చేయమని ముందురోజే చెబితే చేస్తారు. మా అత్తయ్య కోసం విడిగా వండి పెట్టారు, అన్నం, హమ్మస్ అనే శనగల ముద్ద, రొట్టె ఎలాగూ ఉంటాయి. ఆవిడ సంచిలోంచి కందిపొడి డబ్బా తీస్తే మాకు ఆతిథ్యం ఇచ్చిన పెద్దాయన కూడా రెండుసార్లు వడ్డించుకున్నారు.

తర్వాత నిప్పు చుట్టూ టీ. చక్కెర బాగా వేసి, ఒక్కోసారి సేజ్ ఆకు వేసి కాస్తారు. ఏలకుల కాఫీ చిన్న గిన్నెలో పోస్తారు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. క్యాంపుల్లో పని చేసేది దాదాపు మగవాళ్లే, ఆడవాళ్లు గ్రామంలో ఇళ్ల దగ్గర ఉంటారు. ఎవరి ఫొటో తీయాలన్నా అడిగి తీయండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు మర్యాదకీ మంచిది, ఎండకీ మంచిది.

తేదీ నిర్ణయించడానికి మన పంచాంగం చూసుకోండి. మేం దీపావళి సెలవుల్లో వెళ్లాం, అమావాస్య కాబట్టి ఆకాశంలో చంద్రుడు లేడు. ఆరున్నరకల్లా పూర్తిగా చీకటి పడింది. పాలపుంత మబ్బులా సాగి ఉంది. కాసేపటికి కృత్తికలు తూర్పున పైకి వచ్చాయి, తెల్లవారుజామున ఈశాన్యంలో సప్తర్షులు. పరుపు బయట వేయమంటే సంతోషంగా వేస్తారు. దుప్పట్లు బరువైనవే ఇస్తారు, అయినా స్వెటర్, మంకీ క్యాప్ ఉండాలి. డిసెంబర్, జనవరిలో రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది, వేసవిలో పగలు 40 డిగ్రీలు. మార్చి నుంచి మే, సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ మంచి కాలం. చలికాలంలో వానకి వాగులు ఒక్కసారిగా పొంగుతాయి, ఆ రోజు టూరు రద్దు చేస్తామంటే వాదించకండి.

ఖర్చు విషయానికొస్తే, ఒక దినార్ 1.41 డాలర్లు. వాదీ రమ్ ప్రవేశం 5 దినార్లు, పెట్రా ఒక రోజు టికెట్ 50, వీసా 40. అదే జోర్డాన్ పాస్ 70కి మొదలవుతుంది, ఈ మూడూ అందులోనే. విమానం ఎక్కేముందే కొనాలి, దేశంలో కనీసం మూడు రాత్రులు ఉండాలి. జీపు డబ్బు నగదుగా ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి అఖాబాలోనో, పెట్రా ఊరైన వాదీ మూసాలోనో ఏటీఎం నుంచి తీసుకుని వెళ్లండి. అఖాబా నుంచి గంట ప్రయాణం, వాదీ మూసా నుంచి రెండు గంటల లోపు, అమ్మాన్ నుంచి నాలుగు గంటలు. రమ్ గ్రామం నుంచి వాదీ మూసాకి వెళ్లే మినీ బస్సు పొద్దున్నే బయల్దేరుతుంది. సీటు కావాలంటే ముందు రోజు సాయంత్రమే క్యాంపువాళ్లతో ఫోన్ చేయించుకోండి, లేకపోతే టాక్సీకి చాలా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.