వరద ముంచిన ఇంటి పిల్లలకు ఏది మేలు: సామాను లారీయా, తల్లి ఖాతాలో సొమ్మా?

2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగి ఇళ్లను ముంచెత్తినప్పుడు, హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు సంఘం పిల్లల కోసమని రెండు రోజుల్లో డీసీఎం వ్యాను నిండా సామాను పోగుచేసింది. పాత బట్టలు, బొమ్మలు, బిస్కెట్లు, పాలపొడి డబ్బాలు, పాలసీసాలు మూటలు కడుతుండగా ఒక పెద్దాయన, ఈ డీజిలు ఖర్చుతో సహా అంతా ఆ తల్లుల చేతికే ఇస్తే పోదా అని అడిగారు. ఆనాడు ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

మొదటి మూడు నాలుగు రోజులు మాత్రం సామానుదే పైచేయి. కిరాణా కొట్టు మునిగి, ఏటీఎం మూతపడి, ఫోనులో చార్జింగు లేనప్పుడు ఖాతాలో పదివేలున్నా పసివాడి ఆకలి తీరదు. అప్పుడు కావలసినవి తాగునీరు, వండిన అన్నం, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమతెరలు, ఎదిగిన ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు. అయితే ఇవి పక్క ఊరినుంచి చేరినంత త్వరగా దాదాపు 200 నుంచి 275 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు నుంచి చేరవు. ఆ వరదల్లోనే నందిగామ దగ్గర ఐతవరం వద్ద విజయవాడ హైవే మునిగి బండ్లన్నీ ఆగిపోయాయి.

మా మూటల్లో అందరూ ముందుగా కొనుక్కొచ్చిన పాలపొడే అన్నిటికన్నా ప్రమాదకరమైనదని నాకు ఆ తరువాత తెలిసింది. పసిపిల్లల పాలపొడినీ పాలసీసాలనూ అనాథాశ్రమాలకు తప్ప దానంగా పంచడాన్ని 1992 నాటి చట్టం మన దేశంలో నిషేధించింది. మరిగించిన నీరు, సీసా కడుక్కునే వీలు లేని శిబిరంలో ఆ డబ్బా విరేచనాలకు దారి తీస్తుంది. 2006లో ఇండోనేషియాలోని యోగ్యకర్త భూకంపం తరువాత, దానంగా వచ్చిన పాలపొడి అందిన పిల్లల్లో విరేచనాలు మిగతావారికన్నా సుమారు రెట్టింపు కనిపించాయి. భయంతో తల్లికి పాలు ఎండిపోతాయని మన పెద్దవాళ్లు అంటారు గాని, బెదురువల్ల పాలు దిగడం కాసేపు ఆలస్యమైనా, బిడ్డ మాటిమాటికీ చప్పరిస్తుంటే మళ్లీ వస్తాయి. కనుక ఆ తల్లికి కడుపునిండా భోజనం, నీళ్లు, చాటుగా కూర్చునేందుకు ఒక తెర ఏర్పాటు చేయడమే బిడ్డకు చేసే మేలు. తల్లి లేని శిశువులకు, ముందునుంచే డబ్బాపాల మీద ఉన్నవారికి ఆరోగ్య సిబ్బంది ద్వారా, లెక్క చూసి ఇవ్వవలసిందే. పాత బట్టల సంగతి చెప్పనక్కరలేదు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో ఎవరూ తొడుక్కోని బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి.

వారం గడిచి అంగళ్లు తెరుచుకున్నాక తూకం సొమ్ము వైపు మొగ్గుతుంది. ఒక ఇంట్లో పెద్దదానికి బడి బూట్లు, చిన్నవాడికి ఆయాసం మందు కావాలని తల్లికి తెలిసినట్టు డీసీఎం నింపేవారికి తెలియదు. పైగా ఆ రూపాయి మునిగిన ఊరి కొట్లలోనే ఖర్చవుతుంది. కాని ఎలా ఇచ్చామన్నదీ ముఖ్యమే. 2020 అక్టోబరు వరదల తరువాత మన నగరంలో ఇంటికి 10,000 రూపాయల సాయం తొలుత చేతికి నగదుగా పంచినప్పుడు, స్థానికంగా వాటాలు పట్టుకున్నారనే ఫిర్యాదులు వచ్చాయి. తరువాత ఆ సాయం దరఖాస్తుల కోసం మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరాక, నగరపాలక ఎన్నికల కారణంగా ఆ పంపిణీ ఆగింది. సాయం ఇంటి యజమానికా, అద్దెకున్నవారికా అన్న తగవు ప్రతి వరదలోనూ ఉండేదే. అందుకే నేరుగా ఖాతాలో, అదీ తల్లి ఖాతాలో పడాలంటాను. తండ్రి ఖాతాలో పడితే కొన్ని ఇళ్లలో ఏమవుతుందో విడమరచి చెప్పనవసరం లేదు.

తల్లిదండ్రులు పోయిన పిల్లలను నగరానికి తెచ్చి హాస్టల్లో చేర్పిస్తామని మనసున్నవాళ్లు కొందరు ముందుకొస్తారు. బాలల న్యాయ చట్టం ప్రకారం ఆశ్రమం చివరి మార్గమే. పిల్లల సంరక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది కనుక, మేనమామో పెద్దమ్మో చేరదీస్తామంటే వారికి ఆ దరఖాస్తు నింపిపెట్టడం హాస్టలు సీటుకన్నా నయం. ఒంటరిగా కనిపించిన బిడ్డను ఎవరూ వెంట తీసుకుపోకుండా పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేయాలి.

డబ్బు కొనలేనివి కూడా కొన్ని ఉన్నాయి. చదువుల నడుమ తడిసిపోయిన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు బజారులో సులువుగా దొరకవు. అక్కడ మాత్రం లారీ మళ్లీ గెలుస్తుంది. ఈసారి వానలకు మా సంఘం ఏ తరగతికి ఎన్ని పుస్తకాలు కావాలో అక్కడి హెడ్మాస్టరును అడిగి వాటినే బండిలో వేసి, మిగతా చందాను సగం వెంటనే, సగం పండుగలు దాటాక జనవరిలో తల్లుల ఖాతాలకు పంపాలని అనుకుంటోంది.