వంశవృక్షానికి ఫ్యామిలీసెర్చా, భూమి రికార్డులా?

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో తాత ముత్తాతల పేర్లు వెతికేవాళ్లకు ఒక దారి ఫ్యామిలీసెర్చ్. అమెరికాలోని ఒక చర్చి సంస్థ నడిపే ఈ సైట్ పూర్తిగా ఉచితం. చర్చి రిజిస్టర్లున్న కుటుంబాలకు బాగా పనికొస్తుంది. మన రైతు కుటుంబాల పేర్లు మాత్రం అందులో సులభంగా దొరకవు.

నా ఓటు భూమి రికార్డులకే. తెలంగాణ ప్రభుత్వ భూమి రికార్డుల సైట్ భూభారతి పోర్టల్‌లో సర్వే నంబర్ కొడితే ఇప్పటి పట్టాదారు, తండ్రి పేరు కనిపిస్తాయి. 112/అ, 112/ఆ అని బై నంబర్లు (ఒకే సర్వే నంబర్‌లోని ముక్కలు) ఉంటే చాలాసార్లు అవి అన్నదమ్ముల పంపకాలే. అక్కడ ఆగొద్దు. అదే నంబర్ పట్టుకుని 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరిది, ఎవరు దున్నారు అని రాసిన పాత రికార్డు) నకలు అడగండి. అందులో పట్టాదారుతో పాటు సాగు చేసినవాళ్ల పేరూ ఉంటుంది, అంటే కౌలుకు దున్నిన తాత జాడ కూడా దొరకొచ్చు. ఇంకా వెనక్కి పోవాలంటే సేత్వార్ (పాత భూ సర్వే నాటి రికార్డు) ఉంది, ఉర్దూ చదవగలిగిన పెద్దాయన తోడు కావాలి.

ఆడవాళ్ల పేర్లు ఈ కాగితాల్లో చాలా తక్కువ. భూమి లేని కుటుంబాలు, పాలమూరు నుంచి వలస పోయిన కూలీలు దాదాపు కనిపించరు. ఇది నిజంగా బాధ కలిగించే లోటు. అక్కడ ఫ్యామిలీసెర్చే మేలు: నానమ్మ చెప్పిన పేర్లు, ఆమె గొంతు రికార్డింగ్, ఫొటోలు అందులో దాచుకోవచ్చు. చనిపోయినవాళ్ల వివరాలను ఇతరులూ మార్చగలరు, కాబట్టి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.